మ్యాప్ యాప్‌లో ఆ "ఇంకా ఉందా?" ప్రశ్న తీసేయండి మహాప్రభో

రూటు చూపించడం, ట్రాఫిక్ ఎర్రగా చూపించడం, ఇవన్నీ అందరికీ తెలిసినవే కాబట్టి వాటి జోలికి పోను. నేను రాసేది ఒక్క ఫీచర్ గురించే. ముందెళ్లిన డ్రైవర్లు "ఇక్కడ స్పీడ్ గన్ ఉంది" అని నొక్కితే వెనక వచ్చేవాళ్లకి మోగే అలర్ట్ ఉంటది చూడండి, అది. యాప్ పేరు కావాలనే రాయట్లేదు, నేను మార్చి మార్చి వాడిన రెండింట్లోనూ ఇదే గోల, ఒకదాన్ని తిట్టి ఇంకోదాన్ని వదిలేస్తే న్యాయం కాదు.

ఉండేది హైదరాబాద్, సొంతూరు కంచికచర్ల దగ్గర, కాబట్టి పండగైనా పెళ్లైనా ఎన్‌హెచ్ 65, అదే విజయవాడ హైవే, తప్పదు. పంతంగి, కొర్లపహాడ్, చిల్లకల్లు, ఈ మూడు టోల్‌గేట్లూ దాటితే ఊరొచ్చినట్టే లెక్క. ఈ అలర్ట్‌లు కొత్తగా వచ్చినప్పుడు నేను దానికి పెద్ద ఫ్యాన్‌ని, ఆఫీసులో కనపడ్డవాడి ఫోన్ లాక్కుని మరీ సెట్టింగ్స్ ఆన్ చేసిచ్చేవాణ్ని. ఇప్పటికీ స్తంభానికి బిగించిన ఫిక్స్‌డ్ కెమెరాల విషయంలో ఆ మాట మీదే ఉన్నా, దాదాపు ఒక్కటీ మిస్సవ్వదు. కాకపోతే అవి కదలవు, చాలాచోట్ల ముందే బోర్డు కూడా పెడతారు, రోజూ అటు తిరిగేవాడికి యాప్ చెప్పేదేముంది చెప్పండి.

అసలు సమస్య స్టాండ్ మీద పెట్టి కొట్టే లేజర్ గన్‌తో. అది పొద్దున ఒక చోట, మధ్యాహ్నం ఇంకో చోట. చెట్టు నీడలోనో, ఫ్లైఓవర్ పిల్లర్ పక్కనో, ఆపి ఉన్న బండి వెనకో ఉంటది. సరే, నలుగురూ కలిసి ఒకరికొకరు చెప్పుకుంటారు కదా అన్నదే ఈ ఫీచర్ ఐడియా. ఐడియా బంగారం. దాన్ని పాడు చేసేది మాత్రం అలర్ట్ దాటగానే స్క్రీన్ మీదికొచ్చే ఆ ప్రశ్న, "ఇంకా ఉందా?" అని, కింద అవును, లేదు అని రెండు బటన్లు.

ఒక సంక్రాంతికి రెండు కార్లలో బయల్దేరాం, ముందు మాది, మా అక్కావాళ్లది వెనక. హయత్‌నగర్ దగ్గర టీకి ఆగినప్పుడు వాళ్లు కొంచెం లేటయ్యారు, ఒక ఇరవై నిమిషాలు వెనకబడ్డారనుకోండి. నార్కట్‌పల్లి దాటాక రోడ్డు కాస్త ఖాళీ అయింది, మావాడు ముందు సీట్లో కూర్చుని ఫోన్ చూస్తున్నాడు. సూర్యాపేట ఇంకా రాకముందే అలర్ట్ మోగింది, నేను స్పీడ్ తగ్గించా, నలుగురం నాలుగు వైపులా చూశాం, పోలీసూ లేడు, బండీ లేదు, ఎడమ పక్కన చెట్ల వరస తప్ప ఏమీ లేదు. మా ఆవిడైతే "ఎవరో పనిలేక నొక్కుంటారులే" అని కూడా అంది. ఇంతలో ఆ ప్రశ్న వచ్చింది, మావాడు టక్కున "లేదు" నొక్కేశాడు. వాడి తప్పు కాదు, కనపడలేదు కాబట్టి లేదన్నాడు, అడిగింది అదే కదా.

పండగ మూడు రోజులూ అయ్యి, బూరెలూ అరిసెలూ అన్నీ అయిపోయాక బావ ఫోన్‌కి చలానా మెసేజ్ వచ్చింది. 1035 రూపాయలు, వెయ్యి ఫైను, ముప్పై ఐదు యూజర్ ఛార్జీ. లింక్ నొక్కి ఫోటో తెరిచాం, తేదీ, టైము, స్పీడు అన్నీ ఉన్నాయి, చోటు చూస్తే మేం స్పీడ్ తగ్గించిన ఆ చోటే. ఫోటో తీసిన కోణం చూస్తే తెలిసిపోతంది, ఆ చెట్ల వరసలోంచే. "నాకసలు అలర్టే రాలేదు బావా" అన్నాడు. మావాడు పక్క నుంచి, "మేం లేదని కొట్టాం కదా మామయ్యా, అందుకే వచ్చుండదు" అని నిజం చెప్పేశాడు. అంతే, ఇంకా ఏ ఫంక్షన్‌లో కలిసినా బావ మావాణ్ని పిలిచి, "ఏరా అల్లుడూ, ఇంకా ఉందా?" అని అడుగుతూనే ఉన్నాడు.

వాడొక్కడు నొక్కినందుకే అలర్ట్ పోయిందని నేనూ అనను, మా ముందెళ్లినవాళ్లు కూడా అదే నొక్కుంటారు. నా కంప్లయింట్ కూడా అదే. గన్ కనపడనోడే "లేదు" నొక్కుతాడు, గన్ కనపడకుండా పెట్టడమే వాళ్ల పని. ఇక ఫోటో పడినోడికి ఫోటో పడ్డట్టు కూడా తెలీదు, చలానా వచ్చేదాకా, ఇంక వాడు "అవును" ఎప్పుడు నొక్కుతాడు? అంటే ఎంత బాగా దాక్కుంటే యాప్‌లోంచి అంత త్వరగా మాయమవుతుందన్నమాట. ఇది డిజైన్ చేసినాయన మన హైవే మీద ఒక్కసారి కూడా తిరగలేదని నా గట్టి నమ్మకం.

ఇంకోటి, పిన్ (మ్యాప్ మీద అలర్ట్ గుర్తు) పడే చోటు. మనవాళ్లు గన్ చూశాక నొక్కుతారు, చూసి, ఫోన్ తీసి, బటన్ వెతికి నొక్కేసరికి గన్ దాటి చాలా దూరం వచ్చేసి ఉంటారు, పిన్ అక్కడ పడుద్ది. లేజర్ గన్నేమో కొన్ని వందల మీటర్ల అవతల ఉన్న బండినే కొట్టేస్తది. ఈ రెండూ కలిపి చూడండి, అలర్ట్ మోగి మనం బ్రేక్ మీద కాలు పెట్టేలోపే ఫోటో అయిపోయి ఉండొచ్చు. దీనికంటే ఫ్రాన్స్‌లో ఉన్న పద్ధతే నయం, అక్కడ 2012 నుంచి కెమెరా ఫలానా చోట ఉందని యాప్ చెప్పకూడదు, "డేంజర్ జోన్" అని ఒక ముక్క మొత్తం చూపించాలి, మోటర్‌వే మీదైతే 4 కిలోమీటర్లు, ఊరి బయట 2, ఊళ్లో 300 మీటర్లు. వాళ్లు పోలీసుల కోసం పెట్టుకున్న రూలే గానీ డ్రైవర్‌కి కూడా అదే పనికొచ్చేది, నాలుగు కిలోమీటర్లూ ఒళ్లు దగ్గర పెట్టుకుని పోతాం.

ఇంక తెల్లారుజామున నాలుగింటికి బయల్దేరితే ఈ ఫీచర్ ఉన్నా లేనట్టే, ముందు పోయేవాడుంటే కదా నొక్కడానికి. అదే భోగి ముందు రోజైతే అలర్ట్‌లే అలర్ట్‌లు, కాకపోతే ఆ రోజు పంతంగి క్యూ నుంచి మొదలుపెట్టి బండి పాకడమే తప్ప పరిగెత్తేది లేదు, స్పీడ్ గన్ కూడా నవ్వుకుంటది.

స్క్రీన్ మూల స్పీడ్ లిమిట్ నంబర్ చూపిస్తుందే, దాన్ని మొదట్లో నేను పట్టించుకోలేదు, ఇప్పుడు యాప్‌లో ఎక్కువ వాడేది అదే. అందులోనూ లోపాలున్నాయి. హైదరాబాద్ ఔటర్ రింగ్ రోడ్డు మీద 2023లో లిమిట్ 100ని 120 చేస్తే, నా ఫోన్లో చాలా నెలలు 100 అనే చూపించింది. హైవే మీద ఊళ్లు వచ్చిన చోట మనం మెయిన్ రోడ్డు మీదుంటే అది సర్వీస్ రోడ్డు అనుకుని ఉన్నట్టుండి సగానికి దింపేస్తది, కంగారుపడి బ్రేక్ కొడితే వెనక లారీవాడు హారన్ మోత. అందుకని నంబర్‌కీ బోర్డుకీ తేడా వస్తే నేను బోర్డునే నమ్ముతా. అయినా దాని పక్కన జీపీఎస్ స్పీడ్ చూపిస్తది కదా, అది బాగా పనికొచ్చింది. కారు మీటర్ ఎప్పుడూ కొంచెం ఎక్కువే చూపిస్తది, కంపెనీలు అలాగే పెడతాయి, తక్కువ చూపించకూడదని రూలు. ఇన్నాళ్లూ నేను మీటర్లో 100 చూసి 100లోనే పోతున్నా అనుకునేవాణ్ని, ఫోన్లో చూస్తే 95 దగ్గర ఉండేది.

కొనమనీ వద్దనీ చెప్పడానికి ఇది డబ్బులిచ్చి కొనేది కాదు. నాకైతే పక్క సీట్లో మనిషి ఉంటారు, తెలిసిన రోడ్డు, పగటి ప్రయాణం, కాబట్టి అలర్ట్‌లు ఆన్‌లోనే ఉంచా, కాకపోతే ఆ రెండు బటన్లు ఇంట్లో ఎవరూ ముట్టుకోవద్దని చెప్పేశా. ఒక్కళ్లే రాత్రిళ్లు తిరిగేవాళ్లు, బ్లూటూత్‌లో ఫోన్ మాట్లాడుతూ నడిపేవాళ్లు (వద్దు బాబూ) దీని మీద ఆశ పెట్టుకోకండి, నా ఫోన్లో కాల్ నడుస్తుంటే అలర్ట్ గొంతే వినపడదు. మా బావ సంగతంటారా, యాప్ తీసేశాడు. చలానా మాత్రం ఇంకా కట్టలేదు, 2023 డిసెంబర్‌లో తెలంగాణలో కార్ల పెండింగ్ చలానాలకి 60 శాతం తగ్గించారు కదా, మళ్లీ తగ్గిస్తారని కూర్చున్నాడు.