దక్షిణాఫ్రికా కళ పరాయి గడ్డ మీద: గాబరోన్, ఫ్రాన్స్, న్యూయార్క్ పండుగల్లో ఏది మేలు?

ఒక దేశపు పాటనీ ఆటనీ బొమ్మనీ ఇంకో దేశంలో పండుగలా జరపాలంటే, ఆ పని ఎవరి చేతుల్లో ఉంటే బాగుంటుంది? కళాకారుల చేతుల్లోనా, రెండు ప్రభుత్వాల చేతుల్లోనా, లేక ఆతిథ్యమిచ్చే నగరంలోని ఒక పెద్ద సంస్థ చేతుల్లోనా? దక్షిణాఫ్రికా ఈ మూడు దారులూ తొక్కింది. 1982 జూలైలో బోట్స్వానా రాజధాని గాబరోన్‌లో ప్రవాస కళాకారులు తామే ఒక ఉత్సవం పెట్టుకున్నారు. 2013లో మే నెలాఖరు నుంచి డిసెంబరు దాకా ఫ్రాన్స్‌లో రెండు ప్రభుత్వాలూ కలిసి 'దక్షిణాఫ్రికా సీజన్' నడిపాయి. 2014 అక్టోబరు, నవంబరుల్లో న్యూయార్క్‌లోని కార్నెగీ హాల్ 'ఉబుంటు' పేరుతో దాదాపు నెల రోజుల పండుగ చేసింది.

ట్రంపెట్ విద్వాంసుడు హ్యూ మసెకెలా వీటిలో మొదటిదానిలోనూ ఉన్నారు, చివరిదానిలోనూ ఉన్నారు. మొదటిసారి ఆయన సొంత దేశంలో అడుగు పెట్టలేని ప్రవాసి. రెండోసారి ప్రజాస్వామ్యం వచ్చి ఇరవయ్యేళ్ళయిన దేశం తరఫున వేదికెక్కిన పెద్దాయన. ఒకే మనిషి రెండు చోట్లా ఉన్నారు కాబట్టి ఆ రెండింటినీ పక్కపక్కన పెట్టి చూడటం తేలికవుతుంది.

పోల్చడానికి నాకు రెండు ప్రశ్నలు చాలు. ఎవరు రావాలో, ఏం చూపించాలో ఎవరు తేల్చారు? పండుగ అయిపోయాక కళాకారులకు ఏం మిగిలింది? ఎన్ని టికెట్లు అమ్ముడయ్యాయి, పేపర్లలో ఎంత రాశారు అన్నవి ఆ తర్వాతే.

ఈ రెండు ప్రశ్నలనే పట్టుకోవడానికి కారణం ఉంది. దక్షిణాఫ్రికా మనుషులూ కళా విదేశాలకు వెళ్ళిన తీరు చాలాకాలం బాధాకరంగా ఉండేది. సారా బార్ట్‌మన్ అనే ఖోయిఖోయి స్త్రీని 1810లో లండన్ తీసుకెళ్ళి, టికెట్టు పెట్టి ఆమె శరీరాన్ని జనానికి చూపించారు. ఆమె 1815లో పారిస్‌లో చనిపోయింది. ఆ తర్వాత కూడా ఆమె అస్థిపంజరాన్ని అక్కడి మ్యూజియంలో 1970ల దాకా ప్రదర్శనకు ఉంచారు. సొంత గడ్డకు తెచ్చి ఖననం చేసింది 2002లో. సాలమన్ లిండా అనే జులూ గాయకుడు 1939లో జొహానెస్‌బర్గ్‌లో రికార్డు చేసిన పాట ప్రపంచమంతా తిరిగింది, ఎవరెవరో దాన్ని పాడి కోట్లు గడించారు. ఆయన మాత్రం హక్కులను 10 షిల్లింగులకు ఇచ్చేసి, 1962లో చేతిలో చిల్లిగవ్వ లేకుండా పోయారు. ఆయన కూతుళ్ళకు న్యాయంగా రావాల్సిన డబ్బు గురించి ఒప్పందం కుదిరింది 2006లో. గాయని మిరియమ్ మకేబా 1960లో విదేశం నుంచి తల్లి అంత్యక్రియలకు వెళ్ళబోతే పాస్‌పోర్టు రద్దయిందని అధికారులు చెప్పారు. ఆమె మళ్ళీ ఇల్లు చూసింది ముప్పయ్యేళ్ళకు. ఇంత జరిగిన దేశం కళను విదేశంలో చూపించేటప్పుడు, ఎవరి మాట చెల్లుతోంది అని అడగకుండా ఎలా ఉంటాం?

గాబరోన్, 1982

గాబరోన్ దక్షిణాఫ్రికా సరిహద్దుకు పదిహేను కిలోమీటర్ల దూరం. సోవెటోలో 1976లో బడిపిల్లల మీద కాల్పులు జరిగాక చాలామంది యువకులు సరిహద్దు దాటి అక్కడికి చేరారు. వాళ్ళలోని చిత్రకారులు, కవులు, సంగీతకారులు కలిసి మెడు ఆర్ట్ ఎన్సెంబుల్ అనే బృందం కట్టుకున్నారు. కవి మోంగానె వాలీ సెరోటె, చిత్రకారుడు థామి మ్న్యేలే అందులో ముఖ్యులు. స్క్రీన్ ప్రింటింగ్‌తో పోస్టర్లు అచ్చువేసి దొంగచాటుగా సరిహద్దు దాటించేవారు. దక్షిణాఫ్రికా ప్రభుత్వం వాటిని నిషేధించింది.

'సంస్కృతి, ప్రతిఘటన' పేరుతో 1982 జూలై 5 నుంచి 9 దాకా జరిగిన ఉత్సవం వీళ్ళు తలపెట్టిందే. పగలు చర్చలు, సాయంత్రం కచేరీలు, నేషనల్ మ్యూజియంలో చిత్రాలూ ఫొటోల ప్రదర్శన. మసెకెలా వచ్చారు, పియానో విద్వాంసుడు అబ్దుల్లా ఇబ్రహీం వచ్చారు, రచయిత్రి నాడీన్ గార్డిమర్ వచ్చారు. వర్ణవివక్ష చట్టాలున్న సొంత దేశంలో నల్లవాళ్ళూ తెల్లవాళ్ళూ కలిసి కూర్చోలేని రోజుల్లో, దేశం లోపలి కళాకారులూ బయటికి వెళ్ళిపోయినవాళ్ళూ ఒకే గదిలో కలిసిన అరుదైన సందర్భం అది. తమను 'కళాకారులు' అనకుండా 'సాంస్కృతిక కార్మికులు' అనుకోవాలని అక్కడివాళ్ళు వాదించారు. ఆ వాదనతో నేను పూర్తిగా ఏకీభవించను. పాటకు ఉద్యమంలో చోటు ఉంది, ఉద్యమానికి బయట కూడా చోటు ఉండాలి. అయినా ఆ వాదన జరిగింది చూశారా, అది ముఖ్యం. టికెట్టు కొనుక్కుని వచ్చిన ప్రేక్షకుల కోసం కాకుండా తమ కోసం తాము పెట్టుకున్న పండుగలోనే అలాంటి వాదనకు సమయం ఉంటుంది.

దీనికి చెల్లించిన మూల్యం చాలా ఎక్కువ. 1985 జూన్ 14 తెల్లవారుజామున దక్షిణాఫ్రికా సైన్యం సరిహద్దు దాటి గాబరోన్ ఇళ్ళ మీద పడి పన్నెండు మందిని చంపింది. చనిపోయినవాళ్ళలో థామి మ్న్యేలే ఉన్నారు. మెడు బృందం అక్కడితో చెదిరిపోయింది.

అయితే పని ఆగలేదు. 1987 డిసెంబరులో ఆమ్‌స్టర్‌డామ్‌లో ఇంకా పెద్ద సాంస్కృతిక సదస్సు, ఉత్సవం జరిగాయి. దక్షిణాఫ్రికాతో ఎవరూ సాంస్కృతిక సంబంధాలు పెట్టుకోకూడదన్న అంతర్జాతీయ బహిష్కరణ అప్పుడు అమల్లో ఉంది. దానివల్ల వివక్షను ఎదిరిస్తున్న కళాకారులు కూడా బయటికి రాలేకపోతున్నారు. వాళ్ళకు దారి ఇవ్వాలి, ప్రభుత్వ పక్షాన ఉన్నవాళ్ళకే అడ్డు పడాలి అన్న మాట ఆ సదస్సులో గట్టిగా వినిపించింది. తమకు ఏ తలుపు తెరవాలో కళాకారులే చెప్పారన్న మాట. 1990ల తొలి ఏళ్ళలో ఆమ్‌స్టర్‌డామ్‌లో థామి మ్న్యేలే పేరుతో ఒక ఫౌండేషన్ మొదలైంది. ఆఫ్రికా దేశాల కళాకారులు అక్కడికి వెళ్ళి కొన్ని నెలలు ఉండి పని చేసుకోవడానికి వసతి ఇస్తుంది. ఒక ఉత్సవం వెనకాల మిగలవలసింది ఇదీ.

ఫ్రాన్స్, 2013

ప్రభుత్వాలు దిగితే డబ్బూ విస్తృతీ వస్తాయి. ముందు ఏడాది ఫ్రాన్స్ తన కళను దక్షిణాఫ్రికాలో చూపించింది, 2013లో దక్షిణాఫ్రికా వంతు. ఒక్క పారిస్‌తో సరిపెట్టకుండా చాలా ఊళ్ళలో కార్యక్రమాలు పెట్టారు. పారిస్‌లోని లా మైజాఁ రూజ్ గ్యాలరీ ఆ వేసవిలో జొహానెస్‌బర్గ్ నగరం మీద పెట్టిన ప్రదర్శన చాలామంది చిత్రకారులనూ ఫొటోగ్రాఫర్లనూ ఒకచోటికి తెచ్చింది. ఏదో ఒక పేరున్న కళాకారుణ్ణి తెచ్చి దేశమంతా ఇతనే అన్నట్టు చూపించకుండా, ఒక నగరాన్ని ఎంచుకోవడం మంచి ఆలోచన.

ఈ పద్ధతిలో చిక్కు ఎక్కడ వస్తుందో చెప్పడానికి అదే ఏడాది ఫ్రాన్స్‌లో ఆడిన ఒక ప్రదర్శన చాలు. దక్షిణాఫ్రికా తెల్లజాతి దర్శకుడు బ్రెట్ బెయిలీ చేసిన 'ఎగ్జిబిట్ బి'లో నల్లజాతి నటులు కదలకుండా నిలబడి, ఒకప్పుడు యూరప్‌లో నల్లవాళ్ళను జంతువుల్లా ప్రదర్శించిన తీరును గుర్తు చేస్తారు. చూసేవాళ్ళు ఒక్కొక్కరుగా వాళ్ళ ముందు నడిచి వెళ్ళాలి. ఆ నేరాన్ని యూరప్ ఎదుట పెట్టడమే దర్శకుడి ఉద్దేశం. నటులు కూడా ఆ ప్రదర్శనను సమర్థించారు. కానీ 2014 సెప్టెంబరులో లండన్‌లో నిరసనలు పెద్దవై, మొదలుకావలసిన రోజే దాన్ని రద్దు చేశారు. నిరసనకారుల ప్రశ్న సూటిగా ఉంది: మమ్మల్ని మళ్ళీ అలాగే నిలబెట్టి చూపించే హక్కు నీకెవరిచ్చారు? నాకు ఆ ప్రశ్నలో బలం కనిపిస్తుంది. ప్రదర్శనను ఆపించడం మాత్రం నచ్చదు. చూసి తిట్టే వీలు ఉండాలి. సారా బార్ట్‌మన్ ఎముకలు అన్నేళ్ళు ఉన్న దేశంలో, అధికారుల సంతకాలతో నడిచే ఏడు నెలల పండుగలో, ఈ ప్రశ్న మీద చర్చకు ముందే ఒక చోటు కేటాయించాల్సింది.

ఇంకో మాట. ప్రభుత్వ సీజన్లు ఒక తేదీతో ముగిసిపోతాయి. ఆ తర్వాత అదే శ్రద్ధ, అదే నిధులు మరో దేశానికి మళ్ళుతాయి.

న్యూయార్క్, 2014

కార్నెగీ హాల్ 1891 నుంచీ ఉన్న సంస్థ. అంతకుముందు చైనా, జపాన్, లాటిన్ అమెరికాల మీద ఇలాంటి పండుగలు చేసింది. వర్ణవివక్ష పోయి ఇరవయ్యేళ్ళయిన సందర్భంగా దక్షిణాఫ్రికాను ఎంచుకుంది. కార్యక్రమం కూర్చింది హాలువాళ్ళే. నా మొదటి ప్రశ్న దగ్గర న్యూయార్క్ వెనకబడుతుంది, అది ఒప్పుకోవాలి.

కానీ వాళ్ళ ఎంపిక చూస్తే గౌరవం కలుగుతుంది. మసెకెలాతో పాటు వూసి మహ్లాసెలా పాడారు. అబ్దుల్లా ఇబ్రహీం ఒంటరిగా పియానో ముందు కూర్చున్నారు, అప్పటికి ఆయనకు ఎనభై ఏళ్ళు. ఒపెరా గాయని ప్రెటీ యెండే గానం, చిత్రకారుడు విలియం కెంట్రిడ్జ్ బొగ్గు గీతలతో చేసిన చిన్న సినిమాలకు ఫిలిప్ మిల్లర్ కూర్చిన సంగీతం వేదికెక్కాయి. చివరిరోజు నవంబరు 5న మకేబాకు నివాళిగా బెనిన్ దేశపు గాయని ఆంజెలీక్ కిడ్జో కచేరీ చేశారు. డ్రమ్స్ వాయించే కేశివన్ నాయుడూ తన జాజ్ బృందంతో వచ్చారు. ఆ పేరు చివరి మాట మనకు కొత్త కాదు. 1860 నవంబరు 16న మద్రాసు నుంచి డర్బన్ చేరిన ఓడతో మొదలుపెట్టి, చెరకు తోటల్లో కూలికి వెళ్ళినవాళ్ళలో తెలుగువాళ్ళూ తమిళులూ ఉన్నారు. ఆ పేరున్న ఆయన భారతీయ సంగీతం కోటాలో కాకుండా దక్షిణాఫ్రికా జాజ్ కళాకారుడిగానే ఆ వేదిక ఎక్కారు. దేశంలో ఎవరెవరు భాగమో సరిగ్గా తెలిసినవాళ్ళు కూర్చిన కార్యక్రమం అది.

నాకు అన్నిటికన్నా నచ్చింది చిన్న హాళ్ళ వాడకం. కార్నెగీలో పెద్ద హాలుకు 2,804 సీట్లు, జాంకెల్ హాలుకు 599, వైల్ హాలుకు 268. దక్షిణాఫ్రికా సంప్రదాయ వాద్యాలకు ఈ తేడా ప్రాణం లాంటిది. ఖోసా స్త్రీలు వాయించే 'ఉహాది' అనే వాద్యం ఉంది. విల్లుకు ఒకే తీగ, కింద మన ఏకతారకు ఉన్నట్టే ఒక సొరబుర్ర. సన్నటి పుల్లతో తీగను తట్టుతూ, బుర్ర నోటిని ఛాతీకి దగ్గరగా, దూరంగా జరుపుతూ స్వరంలోని లోపలి పలుకులను బయటికి తీస్తారు. రెండు వేల ఎనిమిది వందల మంది మధ్య మైకుతో వింటే అందులో సగం వినపడదు. డిజు ప్లాట్జీస్ ఇబుయాంబో బృందం, జులూ మగవాళ్ళ 'ఇసికతమియా' పాడే ఫుఫుమా లవ్ మైనస్ బృందం కూడా ఆ పండుగకు వెళ్ళాయి. ఇసికతమియా గనుల్లో, ఫ్యాక్టరీల్లో పని చేయడానికి ఊరు వదిలి వచ్చిన మగవాళ్ళు హాస్టళ్ళలో శనివారం రాత్రుళ్ళు తెల్లారేదాకా పోటీలు పడి పాడుకున్న పాట. అడుగు చప్పుడు కాకుండా మెల్లగా వేసే ఆ అడుగులు చూడాలన్నా దగ్గరగా కూర్చోవాలి.

అమెరికాలో 1977 నుంచీ జరుగుతున్న మన తెలుగు సభల నిర్వాహకులు ఈ ఒక్క విషయం గమనిస్తే బాగుండు. వేలమంది కూర్చునే కన్వెన్షన్ సెంటర్‌లో, సినిమావాళ్ళ కార్యక్రమానికి ముందు పదిహేను నిమిషాలు ఇచ్చి తోలుబొమ్మలాట ఆడించమంటే, ఆ బొమ్మల అందం వెనక వరుసల దాకా చేరదు. పక్కన రెండు వందల మంది పట్టే గది ఇచ్చి రెండు గంటలు వదిలేయాలి.

రెండో ప్రశ్నకు వస్తే న్యూయార్క్ జవాబు సగమే. కార్నెగీ పేరు ఒక యువ కళాకారుడికి తర్వాత చాలా తలుపులు తెరుస్తుంది, అది చిన్న లాభం కాదు. కానీ థామి మ్న్యేలే ఫౌండేషన్ లాంటి శాశ్వతమైన చోటు ఒకటి వెనక మిగలలేదు.

నా ఓటు

దక్షిణాఫ్రికా గురించి ఏమీ తెలియని స్నేహితుణ్ణి ఒక్క పండుగకు పంపాలంటే కళ్ళు మూసుకుని కార్నెగీకి పంపుతాను. నెల రోజుల్లో గుడిసె పాట నుంచి ఒపెరా దాకా అంత బాగా అమర్చిన పళ్ళెం మరోటి లేదు. ఫ్రాన్స్ పద్ధతి నాకు మూడో స్థానంలోనే ఉంటుంది. ఊరూరా వెళ్ళగల శక్తి దానికే ఉంది నిజమే, కానీ అందులో కళాకారుడు అతిథిగా మిగిలిపోతాడు.

కళాకారుడి వైపు నుంచి చూస్తే మాత్రం గాబరోన్, దాని తర్వాతి అడుగు ఆమ్‌స్టర్‌డామ్, ఈ రెండే మేలు. హంగులు లేవు, పెద్ద హాలు లేదు, భద్రత అసలే లేదు. అయినా దక్షిణాఫ్రికా కళ ఏం కావాలో దక్షిణాఫ్రికా కళాకారులే కూర్చుని మాట్లాడుకున్నారు. మెడు పోస్టర్లను 2019లో షికాగో ఆర్ట్ ఇన్‌స్టిట్యూట్ ప్రదర్శనకు పెట్టింది. ప్రాణాలకు తెగించి సరిహద్దు దాటించిన కాగితాలు అవి.

ఇప్పుడు ఎవరైనా ఇలాంటి పండుగ పెడితే గాబరోన్ నుంచి ఎంపిక పద్ధతి తీసుకోవాలి, కార్నెగీ నుంచి చిన్న హాళ్ళు తీసుకోవాలి. కార్యక్రమ కమిటీలో సగానికి పైగా ఆ దేశంలో ఉంటున్న కళాకారులే ఉండాలి. పగటిపూట చర్చలకు, ఒకరి దగ్గర ఒకరు నేర్చుకోవడానికి గదులు ఉండాలి. బడ్జెట్‌లో ఒక భాగం పండుగ అయ్యాక కళాకారులు కొన్ని నెలలు ఉండి పని చేసుకునే వసతికి పక్కన పెట్టాలి. ఇక కచేరీలను రికార్డు చేసేటట్టయితే హక్కులు ఎవరివో, వచ్చే డబ్బులో ఎవరి వాటా ఎంతో, గాయకుడికి అర్థమయ్యే భాషలో ముందే రాసి ఇవ్వాలి. సాలమన్ లిండా కూతుళ్ళు ఆ కాగితం కోసం నలభై ఏళ్ళకు పైగా ఎదురు చూడాల్సి వచ్చింది.