ఒక బర్నర్ గ్యాస్ కొలిమి, 5 కిలోల సిలిండర్: బెంగళూరు డాబా మీద చాలాకాలం వాడాక

చిన్న కత్తులు కాల్చి సాగగొట్టుకునే ఈ కొలిమి మీద పెద్దగా ఫిర్యాదు లేదు. "5 కిలోల సిలిండర్ సరిపోతుంది" అని అమ్మేవాళ్లు వేసే ఆ ఒక్క వాక్యం మీదే కోపం. సరిపోతుంది, మొదటి ముప్పావు గంట. తర్వాతి సంగతి ఎవరూ రాయరు. కొలతలూ ఫొటోలూ ఎక్కడైనా దొరుకుతాయి కాబట్టి వదిలేస్తున్నా. గుండ్రటి ఇనుప డొల్ల, లోపల వేడిని ఆపే 25 మి.మీ. సెరామిక్ ఊలు, పైనుంచి దిగే వెంచురీ బర్నర్ (గాలిని తనే లాక్కుని గ్యాస్‌తో కలుపుకునేది) ఒకటి, గ్యాస్ చిమ్మే 0.8 మి.మీ. కంత, అంటే జెట్. ఇంత చాలు.

ముందు మంచి చెప్పాలి. బెంగళూరులో డాబాకూ డాబాకూ మధ్య దూరం మూడడుగులుంటే గొప్ప. బొగ్గుల కొలిమి రాజేస్తే మొదటి పొగంతా పక్కింటివాళ్లు ఆరేసిన బట్టల మీదికే పోతుంది. గ్యాస్‌తో ఆ తగాదా లేదు. 25×6 మి.మీ. ఈఎన్45 (స్ప్రింగ్ ఉక్కు) పట్టీ చివర ఐదారు నిమిషాల్లో నారింజ రంగుకు వస్తుంది. పని అయిపోతే వాల్వ్ కట్టేయడమే, నిప్పులు ఆరేదాకా కాపలా ఉండక్కర్లేదు. నాలుగైదు అంగుళాల కూరగాయల కత్తి చేసుకోవడానికి ఆరడుగుల రేకు నీడ ఉంటే కొలిమి, దాగలి, నూనె డబ్బా మూడూ పట్టేస్తాయి.

ఇక అసలు బాధ. చలికాలం పొద్దున పని మొదలుపెడితే, కొంతసేపటికి బర్నర్ దగ్గడం మొదలుపెడుతుంది. ఏకధాటిగా రావాల్సిన హోరు తెగుతుంది, మంట పట్టుతప్పి బుస్సుబుస్సుమంటుంది, చివరికి టప్పుమని గొట్టంలోకే వెనక్కి కొడుతుంది. కత్తి నారింజ నుంచి ఎరుపుకు దిగిపోతుంది. ఆ రంగులో సుత్తి దెబ్బ వేస్తే లోహం సాగదు, అంచు పగులుతుంది. చాలామంది వెంటనే జెట్ విప్పి సూదితో గెలుకుతారు, గాలి కంతలు తిప్పుతారు, ఆఖరికి బర్నర్ పాడైందని కొత్తది తెప్పిస్తారు. కొత్తది కూడా దగ్గుతుంది.

కారణం సిలిండర్ చలి. 0.5 బార్ ఒత్తిడి దగ్గర ఈ జెట్ గంటకు సుమారు 0.7 కిలోల గ్యాస్ లాగుతుంది. అంత ద్రవం ఆవిరి కావడానికి దాదాపు 70 వాట్ల వేడి కావాలి. ఆ వేడి ద్రవం తగిలే సిలిండర్ గోడ నుంచే రావాలి. 19 కిలోల సిలిండర్‌కు ఆ గోడ పెద్దది, లోపలి ద్రవమూ ఎక్కువ, అందుకే నెమ్మదిగా చల్లబడుతుంది. 5 కిలోలదానికి రెండూ తక్కువే, సగం ఖాళీ అయితే మరీ తక్కువ. సిలిండర్ మీద చెమట పట్టిన గీత ఎంత కిందికి దిగితే అంత కష్టం.

దీనికి రెండో సంగతి తోడవుతుంది. మన ఎల్పీజీ ప్రొపేన్, బ్యూటేన్‌ల మిశ్రమం. ప్రొపేన్ -42 డిగ్రీలకే మరుగుతుంది కాబట్టి ముందుగా అదే ఎక్కువగా బయటికి పోతుంది, అడుగున బ్యూటేన్ వాటా పెరుగుతుంది. బ్యూటేన్ మరిగేది -0.5 డిగ్రీల దగ్గర. 20 డిగ్రీలుంటే బయటి గాలి కంటే సుమారు 1.1 బార్ ఎక్కువ ఒత్తిడి ఇస్తుంది, సున్నాకు దిగితే దాదాపు ఏమీ ఇవ్వదు. డిసెంబరు పొద్దున గాలే 15, 16 డిగ్రీలు ఉన్నప్పుడు, సగం ఖాళీ సిలిండర్ అక్కడికి దగ్గర కావడానికి ఎక్కువసేపు పట్టదు. ఒత్తిడి పడిపోతే జెట్‌లోంచి వచ్చే గ్యాస్ వేగం తగ్గుతుంది, గొట్టంలో గాలీ గ్యాసూ కలిసిన ప్రవాహం మంట వేగం కంటే నెమ్మదిస్తుంది. మంట వెనక్కి నడిచొచ్చేది అప్పుడే. చెన్నైలో ఇదే సామాను ఇంతగా ఏడిపించదు. అక్కడ తడిగాలికి తుప్పు గొడవ వేరే ఉందనుకోండి.

సిలిండరా, బర్నరా అని తేల్చుకోవడానికి ఎవర్నీ అడగక్కర్లేదు. గేజ్ ఉన్న హైప్రెషర్ రెగ్యులేటర్ తీసుకోండి. వంటింటి రెగ్యులేటర్ ఇచ్చే 30 మిల్లీబార్ దీనికి ఏ మూలకూ రాదు. దగ్గు మొదలైనప్పుడు ముల్లు చూడండి. రెగ్యులేటర్ ఎంత తిప్పినా ముల్లు లేవకపోతే సిలిండర్ చల్లబడింది. ముల్లు 0.5 దగ్గర కదలకుండా నిలబడి, బర్నర్ మాత్రం దగ్గుతుంటే అప్పుడు జెట్‌లో చెత్త ఉందేమో, గొట్టం వేడెక్కిందేమో వెతకండి.

మందు చవకే. వెడల్పాటి ప్లాస్టిక్ టబ్‌లో 10 లీటర్ల మామూలు నీళ్లు పోసి సిలిండర్‌ను అందులో నిలబెట్టాలి. గంట పనిలో ఆ నీళ్లు ఆరు డిగ్రీలకు మించి చల్లబడవు, ముల్లు పడదు. గోరువెచ్చగా పోసినా పర్వాలేదు కానీ 40 డిగ్రీలు దాటకూడదు. వేణ్నీళ్లు, హీటర్, మంట వంటివి సిలిండర్ దరిదాపుల్లోకి రాకూడదు. పని అయ్యాక అడుగు రింగు తుడిచి ఆరబెట్టకపోతే తుప్పు పడుతుంది. ఇంట్లోని 14.2 కిలోల సిలిండర్ పెద్దదే కదా అని మేడ మీదికి తేకండి, వంటకు కాకుండా వాడటం నిబంధనలకు విరుద్ధం. ఎల్పీజీ గాలికంటే బరువు. పిట్టగోడ మూలలో లీకైతే అక్కడే నిలుస్తుంది, నీళ్లు పోయే కంత గుండా కిందింటికి జారుతుంది. సబ్బు నీళ్ల పరీక్ష మానొద్దు.

సిలిండర్ అడుగున మిగిలిన గ్యాస్‌ను సాగగొట్టే పనికి కాకుండా వేడి చికిత్సకు (కత్తిని కాల్చి నూనెలో ముంచి గట్టిపరచడానికి) దాచుకోవడం ఇంకో ఉపాయం. ఈఎన్45ను 850 నుంచి 880 డిగ్రీల దాకా తీసుకెళ్తే చాలు కాబట్టి తక్కువ ఒత్తిడితో పని నడుస్తుంది. అయస్కాంతం అంటుకోకపోవడం 770 దగ్గరే మొదలవుతుంది, ఆ తర్వాత ఇంకో మెట్టు రంగు రానివ్వాలి. బర్నర్ కిందే ఎక్కువ మండుతుంది, మొన పలచన గనక ముందు కాలిపోతుంది. అందుకని లోపల ఒక చదరపు ఇనుప గొట్టం పెట్టి, కత్తిని అందులో ఉంచి కదుపుతూ కాల్చాలి. ముంచడానికి 50, 60 డిగ్రీలకు వేడిచేసిన నాలుగు లీటర్ల వేరుశనగ నూనె, మూత ఉన్న ఇనుప డబ్బాలో. తర్వాత పెళుసుతనం తగ్గడానికి ఓటీజీలో (కరెంటు ఓవెన్‌లో) 200 డిగ్రీల దగ్గర రెండు గంటల చొప్పున రెండుసార్లు. ఓటీజీ మీది అంకెలను నమ్మకండి, లోపల వేరే థర్మామీటర్ పెట్టండి.

పైన చెప్పిన ఐదారు నిమిషాల లెక్క ఊలు ఉత్తగా ఉన్నప్పటిది. ఉత్త ఊలుతో వాడకూడదు. కాలిన కొద్దీ పెళుసై సన్నని పొడి రాలుతుంది, అందులో సిలికా ఉంటుంది, ఊపిరితిత్తులకు చేటు. ఊలును గట్టిపరిచే కొలాయిడల్ సిలికా ద్రవం చల్లి ఆరాక, పైన 5, 6 మి.మీ. హై అల్యూమినా కాస్టబుల్ (వేడిని తట్టుకునే సిమెంటు లాంటిది) పూత వేయాలి. పూత పడ్డాక వేడెక్కడానికి పది పన్నెండు నిమిషాలు పడుతుంది. అంటే గ్యాస్ ఇంకా ఎక్కువ, సిలిండర్ చలి ఇంకా తొందరగా.

దాగలి కోసం రైలు పట్టా ముక్క వెతికేవాళ్లకు ఒక మాట: బిల్లు లేని పట్టా ముక్క మీ దగ్గర దొరికితే రైల్వే ఆస్తి చట్టం కింద మీరే సంజాయిషీ చెప్పుకోవాలి. బెంగళూరులోనే పీణ్యా పారిశ్రామిక వాడ వైపు ఈఎన్8 ఉక్కు దిమ్మ 100×100×300 మి.మీ. కోయించుకుంటే 23.5 కిలోలు వస్తుంది. దాన్ని ఇసుక డబ్బాలో నిలువుగా పాతితే కిందింటికి ఖంగుమనే మోత చాలావరకు తగ్గుతుంది.

నేనైతే ఇదే వాడుతున్నా. మెట్ల మీదుగా మేడకు చేర్చాలి, గంటకు మించి పని ఉండదు, చేసేవి చిన్న కత్తులు. నిండు 19 కిలోల సిలిండర్ మొత్తం బరువు 35 కిలోల పైమాటే, దాన్ని రెండంతస్తులు మోసే ఓపిక నాకు లేదు. కింద పెరడు ఉన్నవాళ్లు 19 కిలోలదే తీసుకోండి, టబ్బూ నీళ్లూ అక్కర్లేదు. ఆరంగుళాలు దాటిన కత్తులు చేయాలనుకుంటే ఈ కొలిమి మాత్రం కొనకండి, పిడి వైపు మడమ దగ్గరా మొన దగ్గరా ఒకే రంగు తెప్పించడానికే సగం గ్యాస్ పోతుంది.