ఓలాండ్, బాస్క్, దక్షిణ టిరోల్: స్వయంప్రతిపత్తిలో ఏది మేలు?

యూరప్ గురించి ఏం రాసినా చివరికి ఒకటే ప్రశ్న అడుగుతున్నారు: స్వయంప్రతిపత్తి ఉన్న ప్రాంతాల్లో ఎవరి ఏర్పాటు బాగుంది? నా లెక్కలో పోటీ మూడింటి మధ్యే. ఫిన్లాండ్‌లో స్వీడిష్ మాట్లాడే ఓలాండ్ దీవులు, స్పెయిన్‌లో బాస్క్ ప్రాంతం, ఇటలీలో జర్మన్ మాట్లాడేవాళ్లు ఎక్కువగా ఉండే దక్షిణ టిరోల్.

డబ్బు ఒక్కటే చూస్తే బాస్క్‌కి తిరుగులేదు. మామూలుగా రాజధాని పన్నులు వసూలు చేసి ప్రాంతానికి వాటా పంపుతుంది. ఇక్కడ వ్యవహారం తలకిందులు: వసూలు చేసేది బాస్క్ జిల్లాల ఖజానాలు, 'కూపో' పేరుతో మాడ్రిడ్‌కి లెక్కకట్టి ఇచ్చేది వాళ్లు. 1878 నాటి ఈ పద్ధతిని స్పెయిన్ నియంత ఫ్రాంకో 1937లో రెండు జిల్లాల్లో తీసేశాడు. మళ్లీ 1981లో గానీ రాలేదు. ఇప్పుడు రాజ్యాంగ రక్షణ ఉంది, నిజమే. కానీ ఆ పాత సంగతి గుర్తొస్తే నాకు డబ్బు కన్నా తాళం ఎవరి దగ్గరుందన్నదే ముఖ్యమనిపిస్తుంది. స్పెయిన్‌లోనే ఉన్న కాటలోనియాను చూడండి: జనం ఓటేసి ఒప్పుకున్న 2006 స్వయంప్రతిపత్తి చట్టంలో 14 అధికరణలను 2010లో రాజ్యాంగ న్యాయస్థానం కొట్టేసింది.

తాళం విషయంలో ఓలాండ్ అందరికన్నా గట్టిది. ఆ స్వయంప్రతిపత్తికి 1921లో ఐక్యరాజ్యసమితికి ముందున్న నానాజాతి సమితి ఇచ్చిన తీర్పు అండగా ఉంది. ఓలాండ్ శాసనసభ ఒప్పుకోకుండా స్వయంప్రతిపత్తి చట్టాన్ని మార్చడం ఫిన్లాండ్ పార్లమెంటుకు కూడా కుదరదు. యూరోపియన్ యూనియన్‌లో చేరేముందు 1994లో విడిగా ప్రజాభిప్రాయ సేకరణ పెట్టుకున్నారు, పన్నుల్లో మినహాయింపు రాయించుకున్నారు. స్టాక్‌హోమ్ నుంచి ఫిన్లాండ్ వెళ్లే పెద్ద ఓడలు అర్ధరాత్రి, తెల్లవారుజామున కూడా ఓలాండ్ రేవులో కాసేపు ఆగేది దిగేవాళ్ల కోసం కాదు, లోపల డ్యూటీ ఫ్రీ మందు అమ్ముకోవడం కోసం!

ఇంట్లో ఇంత పట్టున్నా, యూనియన్ కేంద్రమైన బ్రస్సెల్స్‌లో మాత్రం వాళ్ల మాట వినిపించదు. దీవుల్లో వసంతకాలంలో సముద్రపు బాతులను వేటాడటం పాత అలవాటు. వేట చట్టం ఓలాండ్‌ది, పక్షుల చట్టం యూనియన్‌ది. కేసు పడింది ఫిన్లాండ్ మీద, 2005లో ఓడిందీ ఫిన్లాండే. మరుసటి ఏడాది పెదవి కింద పెట్టుకునే పొగాకు, స్నూస్ విషయంలోనూ అంతే. చట్టం మార్చుకోవాల్సింది ఓలాండ్, కోర్టులో వాదించేది ఫిన్లాండ్ రాజధాని హెల్సింకి. దాదాపు 30,000 మంది జనాభా, యూరోపియన్ పార్లమెంటులో సొంత సీటు లేదు.

అందుకే నా ఓటు దక్షిణ టిరోల్‌కి. ఖజానా సంగతి సరే, పన్నుల్లో పదింట తొమ్మిది వంతులు అక్కడే ఉంటాయి. అసలు బలం పొరుగింటిది. దక్షిణ టిరోల్ గురించిన 1946 ఒప్పందంలో ఇటలీతో పాటు పొరుగునున్న ఆస్ట్రియా సంతకం ఉంది. రోమ్ మాట తప్పుతోందని ఆస్ట్రియా 1960లో విషయాన్ని ఐక్యరాజ్యసమితికి తీసుకెళ్లింది. 1961లో కరెంటు టవర్లు పేల్చేదాకా వెళ్లిన గొడవ, 1972 స్వయంప్రతిపత్తి చట్టంతో దారికొచ్చి 1992లో అధికారికంగా ముగిసింది. ఆ తర్వాత 1998 ఏప్రిల్ 1న ఇటలీ, ఆస్ట్రియాల మధ్య బ్రెన్నర్ కనుమ దగ్గర సరిహద్దు గేటు లేచిపోయింది. ఏ దేశంలో కలవాలన్న పాత తగాదాలో పస తగ్గడానికి ఆ గేటు లేవడం కూడా ఒక కారణమని నేననుకుంటాను. పైగా ఇటలీ ఎన్నికల చట్టం ప్రకారం జర్మన్ మైనారిటీ జాబితా ఏదైనా జాతీయ పార్టీతో జతకట్టి, తన అభ్యర్థికి 50,000 ఓట్లు తెచ్చుకుంటే యూరోపియన్ పార్లమెంటుకు పంపుకోవచ్చు. అలా పంపుకుంటున్నారు కూడా.

నాకు నచ్చనిదీ ఉంది. ప్రభుత్వ ఉద్యోగాలను భాషా జనాభాను బట్టి పంచుతారు. అందుకోసం నువ్వు జర్మనా, ఇటాలియనా, లాడినా (అక్కడి మూడో భాష) అన్నది కాగితం మీద రాసివ్వాలి. అమ్మ ఇటాలియన్, నాన్న జర్మన్ అయిన పిల్లవాడు ఏ గడిలో టిక్కు పెట్టాలి? స్కూళ్లూ భాషల వారీగా వేరువేరు.

బెల్జియంలో వాలోనియా ప్రాంతం 2016లో యూనియన్‌కీ కెనడాకీ మధ్య వాణిజ్య ఒప్పందాన్ని కొన్ని రోజులు ఆపింది కదా అంటారు. అది స్వయంప్రతిపత్తి ప్రాంతం కాదు, సమాఖ్యలో భాగం; లెక్క వేరు. డెన్మార్క్ కిందున్న ఫేరో దీవులు యూనియన్‌లోనే లేవు. డెన్మార్క్‌దే అయిన గ్రీన్‌లాండ్ 1985లోనే బయటికొచ్చేసింది. యూనియన్‌లో ప్రాంతాల కమిటీ ఒకటుంది, సలహాలిస్తుంది, అంతే.

ఓలాండ్‌కి యూరోపియన్ పార్లమెంటులో ఒక్క సీటు ఇచ్చారంటే మాత్రం ఆ రోజే నా ఓటు మార్చేస్తాను.