తన్నే తుపాకీని మచ్చిక చేసుకోవడం: నాలుగేళ్ల వాడకం తర్వాత

గాలి తుపాకీ కొన్న ఐదో వారానికే దాని మీది స్కోపులోని, అంటే గురి చూసే దుర్భిణిలోని, ప్లస్ గుర్తు ఒక పక్కకు ఒరిగిపోయింది. స్కోపు నాసిరకం అనుకున్నాను. క్లబ్బులో ఒక పెద్దాయన దాన్ని అటూ ఇటూ తిప్పి చూసి, "ఇది మందుగుండు తుపాకీల స్కోపు నాయనా, నీ గాలి తుపాకీ దెబ్బకి తట్టుకోలేదు" అన్నారు. నేను నవ్వాను. పెద్ద రైఫిల్ తన్నుడుకి నిలబడేది, డబ్బాడు పెల్లెట్లకి, ఈ బుల్లి సీసపు గుళ్లకి, పోవడమేమిటి?

నవ్వాల్సిన మాట కాదని తర్వాత తెలిసింది. మందుగుండు రైఫిల్ ప్రధానంగా వెనక్కి తంతుంది. స్ప్రింగ్ ఎయిర్ రైఫిల్‌ది జోడు దెబ్బ. ట్రిగ్గర్ నొక్కగానే లోపల బరువైన పిస్టన్ ముందుకు దూకుతుంది, తుపాకీ వెనక్కి వస్తుంది. ఆ పిస్టన్ సిలిండర్ చివర నలిగిన గాలి మీద పడి ఆగేసరికి తుపాకీ మొత్తం ముందుకు లాగుతుంది. ఇందులో చాలా భాగం పెల్లెట్ ఇంకా బారెల్లో ఉండగానే జరిగిపోతుంది. వెనక్కి వచ్చే దెబ్బను తట్టుకునేలా బిగించిన అద్దాలు ముందుకు లాగే దెబ్బకు కదిలిపోతాయి. అందుకే ఎయిర్ గన్‌కి పనికొస్తుందని రాసి ఉన్న స్కోపే కొనాలి.

నాది బారెల్ విరిచి కాక్ చేసే, అంటే స్ప్రింగ్ నొక్కి పేల్చడానికి సిద్ధం చేసే, దేశవాళీ రైఫిల్, 4.5 మి.మీ. బోరు (గొట్టం లోపలి వెడల్పు). బోరు అంతకు మించకుండా, శక్తి 20 జౌల్స్ దాటకుండా ఉంటే 2016 ఆయుధ నియమాల కింద లైసెన్సు అక్కర్లేదు. కంపెనీ పేరు చెప్పను. ఇక్కడ రాసేది దాని లోపలి సరుకు మార్చాక నాలుగేళ్లు వాడిన అనుభవం కాబట్టి, మంచైనా చెడైనా వాళ్లకి అంటదు. వారాంతాల్లో బెంగళూరు క్లబ్బులో 10 మీటర్లు, నెలకోసారి హిందూపురం దగ్గర మామ తోటలో మట్టికట్ట ముందు 20 మీటర్లు. మొత్తం పద్నాలుగు వేల పెల్లెట్లు దాటి ఉంటాయి. మారతహళ్లిలో మా ఓనర్ ఆంటీ మాత్రం ఇప్పటికీ "పావురాలని కొడతావా బాబూ?" అని ఆశగా అడుగుతూనే ఉంటుంది. కాగితాన్ని మాత్రమే కొడతానంటే నమ్మదు.

కొత్తలో పేలిస్తే పెల్లెట్ చప్పుడు కంటే లోపలి స్ప్రింగ్ మోతే ఎక్కువ. సైకిల్ చువ్వని స్క్రూడ్రైవర్‌తో మీటినట్టు 'టొయ్‌య్' మనేది. చెంప ఆనించిన వైపు పళ్లు జివ్వుమనేవి. 8.44 గ్రెయిన్ల (అర గ్రాము పైచిలుకు) పెల్లెట్ వేగం సగటున సెకనుకు 250 మీటర్లు, అంటే దాదాపు 17 జౌల్స్. కానీ పది దెబ్బల్లో ఎక్కువకీ తక్కువకీ మధ్య 14 మీటర్ల తేడా. 20 మీటర్ల దగ్గర అయిదు పెల్లెట్లు అరచేయంత మేర చెదిరిపోయేవి.

అందరూ చేసే తప్పే నేనూ చేశాను. ఇంకా గట్టి స్ప్రింగ్ తెప్పించి, దాని వెనక రెండు వాషర్లు కూడా పెట్టాను. కాక్ చేయడం ఊళ్లో బోరింగ్ కొట్టినట్టయింది. వేగం కాస్త పెరిగింది, గురి ఇంకా పాడైంది, స్కోపుని పట్టి ఉంచే మౌంటు రోజూ వెనక్కి జారేది. రెండు వారాలకే తీసి పారేశాను. ఆ స్ప్రింగ్ ఇప్పుడు మా వాడి బొమ్మల డబ్బాలో ఉంది.

అసలు పని బెంగళూరు పారిశ్రామిక వాడ పీణ్యలో జరిగింది. నా తుపాకీలో స్ప్రింగ్ లోపల ఉండే గైడ్ పలచటి రేకు గొట్టం. దాని చుట్టూ స్ప్రింగ్ గలగలలాడుతూ తిరిగేది. మోత అక్కడిదే. లేతు షాపాయనది చింతామణి, తెలుగే. పాత గైడ్ చూసి, "ఏం పార్టు సార్ ఇది, పంపుదా?" అన్నాడు. అవునన్నాను, అబద్ధమేం కాదు, గాలి కొట్టే పంపే కదా. వెర్నియర్‌తో స్ప్రింగ్ లోపలి కొలత తీసుకుని డెల్రిన్ అనే గట్టి ప్లాస్టిక్ రాడ్ నుంచి మొదటిది తిప్పి ఇచ్చాడు. స్ప్రింగ్ అందులో సులువుగా జారింది. అలా జారితే పనికిరాదు. నొక్కుకున్నప్పుడు స్ప్రింగ్ కొంచెం వెడల్పవుతుంది, కాబట్టి విడిగా ఉన్నప్పుడే గైడ్‌ని పట్టుకుని ఉండాలి. రెండోది చుట్టు విప్పే దిక్కున తిప్పుతూ ఎక్కిస్తే ఎక్కింది, తలకిందులు చేసి ఊపినా జారలేదు. "ఇంత టైటా సార్?" అని నసిగాడు గానీ నాకు కావాల్సింది అదే. రెండింటికీ కలిపి ఆరు వందలు.

స్ప్రింగ్ కొసలు 1000 నంబర్ వాటర్ పేపర్‌తో అద్దంలా రుద్దాను. నొక్కుకునేటప్పుడు స్ప్రింగ్ మెలి తిరుగుతుంది, కొస గరుకుగా ఉంటే ఆ మెలిక తుపాకీకి ఎక్కుతుంది. కింద నున్నటి స్టీలు వాషరు, మాలిబ్డినం గ్రీజు పలచగా. ఆ పలచగా అన్నది మొదటిసారి వినలేదు నేను. పిస్టన్ కొసనుండే సీలు ముందుకు గ్రీజు చేరి, మొదటి దెబ్బకే ఢామ్మని పేలి బారెల్ నుంచి పొగ వచ్చింది. నలిగి వేడెక్కిన గాలికి గ్రీజు అంటుకుంది, డీజిల్ ఇంజను సూత్రమే. మళ్లీ విప్పి తుడవాల్సి వచ్చింది.

విప్పడం గురించి మాత్రం గట్టిగా చెప్పాలి. లోపల స్ప్రింగ్ ఖాళీగా ఉండదు, కాక్ చేయకపోయినా కొంత నొక్కుకునే ఉంటుంది. నేను మొదటిసారి దిండుకి ఆనించి చేత్తో అదిమి పిన్ను లాగాను. వెనక దిమ్మె చేతిలోంచి జారి బీరువా తలుపుకి సొట్ట పెట్టింది. ఆ దారిలో నా మొహం లేదు కాబట్టి ఇది రాస్తున్నాను. ఆ సొట్ట చూపించి మా ఆవిడ ఇప్పటికీ దెప్పుతుంది. తర్వాత వడ్రంగుల పొడవాటి క్లాంపు కొన్నాను, అది లేకుండా ముట్టుకోను.

ఫ్యాక్టరీ స్ప్రింగ్‌నే ఆరు మి.మీ. తక్కువ నొక్కుడుతో పెట్టాను. వేగం 226 మీటర్లకు తగ్గింది, సుమారు 14 జౌల్స్. తేడా మాత్రం 4 మీటర్లకు దిగింది. మోత పోయి 'టక్' అని ఒక్క మాట. 20 మీటర్ల దగ్గర మంచి రోజున అయిదు పెల్లెట్లనీ పది రూపాయల బిళ్లతో కప్పేయొచ్చు. పిస్టన్ లోపల పెట్టే బరువైన స్టీలు టోపీ కూడా ప్రయత్నించాను, డబ్బు దండగ. పిస్టన్ బరువెక్కి ముందుకి లాగే దెబ్బ పెరిగింది. చాలామంది మెచ్చుకుంటారు దాన్ని. నా తుపాకీలో పనిచేయలేదు.

తన్నుడు తగ్గింది, పోలేదు. ముందు చెయ్యి అంగుళం జరిగితే పెల్లెట్లూ జరుగుతాయి. గట్టిగా పట్టుకుంటే ఒక చోట, అరచేతిలో వదులుగా పడుకోబెడితే ఇంకో చోట. వదులుగా పట్టి, తుపాకీని తన దారిన తన్నుకోనివ్వడమే మేలు. నేను స్టాకు (తుపాకీని పట్టుకునే పిడి భాగం) మీద ఎడమ అరచెయ్యి ఆనే చోట పలచటి టేపు ముక్క అతికించాను. నా ఖర్చుల్లో ఎక్కువ ఫలితం ఇచ్చింది బహుశా అదే.

క్లబ్బు పెద్దాయన దగ్గర పాత ఫైన్‌వెర్క్‌బావ్ 300ఎస్ అనే జర్మన్ పోటీ రైఫిల్ ఉంది. అదీ స్ప్రింగ్‌దే, కానీ పేలినప్పుడు లోపలి యంత్రాంగమంతా స్టాకులో పట్టాల మీద వెనక్కి జారుతుంది. ఒకరోజు పది పెల్లెట్లు ఇచ్చారు. పేలిందా లేదా అని మొదట అనుమానం వచ్చింది. ఇంటికి వచ్చి నాది పట్టుకుంటే ఎద్దుబండిలా అనిపించింది. దానికీ దీనికీ ధరలో పోలికే లేదు, అది వేరే సంగతి.

స్టాకు స్క్రూలు ఇప్పటికీ మూడు నాలుగు వందల పెల్లెట్లకోసారి వదులవుతాయి. గురి ఉన్నట్టుండి చెడితే మొదట చూసేది వాటినే. డెల్రిన్ గైడ్ నాలుగేళ్లకీ కొత్తదానిలాగే ఉంది. స్ప్రింగ్ ఒకటి మార్చాను. సీలు అరుగుతున్నట్టుంది, పోయిన ఆదివారం వేగం 219 చూపించింది. కొత్త సీలు సొరుగులో ఉంది. మా ఆవిడ పుట్టింటికి వెళ్లాక విప్పుతాను.