పార్క్‌లేన్‌లో చవగ్గా 2 టీబీ ఎస్‌ఎస్‌డీ అంటే నమ్మకండి, క్లౌడ్‌లో ఫొటోలు తీసేసే ముందు ఇది చదవండి

కడుపు మండిపోతూ రాస్తున్నా, అక్షర దోషాలుంటే సర్దుకోండి. సికింద్రాబాద్ పార్క్‌లేన్ కంప్యూటర్ బజారు అంటే ఏంటో ఇక్కడ ఎవరికీ చెప్పక్కర్లేదు. ఏ షాపని మాత్రం అడక్కండి, ఫిర్యాదు వేసేదాకా పేరు బయట పెట్టను.

గూగుల్ ఫొటోస్‌లో 486 జీబీ ఉంది, 92 వేల చిల్లర ఫైళ్లు. ఏటేటా 2 టీబీ ప్లాన్‌కి డబ్బు కట్టేకంటే అన్నీ ఒక డ్రైవ్‌లోకి దింపుకుని 200 జీబీ ప్లాన్‌కి దిగిపోదామని నా అతితెలివి. కౌంటర్ మీద అరచేతిలో ఇమిడే లోహపు డబ్బా, దాని మీద ‘2 టీబీ, యూఎస్‌బీ 3.2’ అని ముద్ర. రూ. 3,800. ఆ ధరకి అసలు సరుకు రాదని నాకు తెలుసు. తెలిసే కొన్నా. జీఎస్టీ బిల్లు కావాలంటే 18 శాతం అదనం అన్నాడు, కచ్చా చిట్టీ చాలన్నా. ఒక్క పూటలో ఎన్ని ఘనకార్యాలో చూడండి.

మన ఫైళ్లన్నీ మూటగట్టి దింపుకోనిచ్చే గూగుల్ టేకౌట్‌లో 50 జీబీ ముక్కలు ఎంచుకుంటే పది జిప్‌లు వచ్చాయి. డౌన్‌లోడ్ లింకులు 7 రోజులే పనిచేస్తాయి కాబట్టి ఎవరికైనా తొందర ఉంటుంది. ల్యాప్‌టాప్‌లో చోటు లేక ఒక్కో జిప్‌నీ నేరుగా ఆ డ్రైవ్‌లోకే విప్పడం, జిప్‌ని తీసేయడం, తర్వాతది దింపడం. మొదటి జిప్ అయ్యాక కేబుల్ పీకి, మళ్లీ పెట్టి, ఓ రెండొందల ఫొటోలు తెరిచి చూశా. ఒక్కటీ పాడవలేదు. ఆ ధైర్యంతోనే మిగతా తొమ్మిదీ ఎక్కించేసి, క్లౌడ్‌లో అన్నీ ఎంచుకుని డిలీట్ కొట్టా. ట్రాష్‌లో వదిలేసి ఉంటే బ్యాకప్ అయిన ఫొటోలు 60 రోజులు దొరికేవి. లేదు, శుభ్రంగా ఉండాలని ట్రాష్ కూడా నా చేత్తో నేనే ఖాళీ చేశా. ఫోన్‌లో ‘ఫ్రీ అప్ స్పేస్’ ఎప్పుడో నొక్కేశాను కాబట్టి అక్కడా ఏమీ మిగల్లేదు.

ఆ రెండొందల ఫొటోల పరీక్ష ఎందుకు మోసం చేసిందో వినండి. ఈ డబ్బాల్లో కంట్రోలర్ చిప్‌కి అబద్ధం నేర్పిస్తారు. కంప్యూటర్ అడిగితే 2 టీబీ అని చెబుతుంది, వెనక అసలు మెమరీ 64 జీబీ. ఆ హద్దు దాటాక వచ్చే డేటాని కొన్ని రకాలు మొదటికి తిరిగొచ్చి పాత ఫైళ్ల మీదే రాస్తాయి. కొన్ని రకాలు ‘రాసేశా’ అని చెప్పి గాలికి వదిలేస్తాయి. నాది రెండో రకం. మొదటి 50 జీబీ నిజంగానే పట్టింది, అందుకే నా పరీక్షలో నెగ్గింది. రెండో జిప్‌లో కొంత దూరం దాకా సరే, ఆ తర్వాత ఏదీ లేదు. ప్రాపర్టీస్‌లో చూస్తే మాత్రం 486 జీబీ వాడినట్టే చూపిస్తుంది, ఎందుకంటే ఏ భాగం నిండిందో రాసుకునే పట్టిక డిస్క్ మొదట్లోనే, అసలు మెమరీ ఉన్న చోటే ఉంటుంది. కాపీ అయిన వెంటనే తెరిచి చూసినా లాభం లేదు, అప్పుడు తెరుచుకునేది కంప్యూటర్ ర్యామ్‌లో తాత్కాలికంగా దాచుకున్న కాపీ. జిప్ విప్పే సాఫ్ట్‌వేర్‌లోని సీఆర్‌సీ తనిఖీ కూడా జిప్ బాగుందా లేదా అనే చూస్తుంది, డ్రైవ్ మీద ఏం పడిందో చూడదు.

అనుమానం రావాల్సింది వేగం దగ్గర. 50 జీబీకి నలభై నిమిషాలు పట్టింది, అంటే సెకనుకి 20 ఎంబీ. పోర్టబుల్ ఎస్‌ఎస్‌డీ అంటే అంతకి ఎన్నో రెట్లు రాయాలి. నేను కేబుల్‌ని తిట్టుకుని ఊరుకున్నా.

వారం తర్వాత 2019 ఫోల్డర్ తెరిస్తే కొన్ని ఫొటోలు వస్తున్నాయి, చాలావరకు బూడిద రంగు ఐకాన్లే. పేరుంది, 4.7 ఎంబీ అని సైజుంది, తెరిస్తే ‘ఫార్మాట్ సపోర్ట్ చేయదు’ అంటుంది. ఫైల్‌లోని బైట్లని ఉన్నవున్నట్టు చూపించే హెక్స్ వ్యూయర్‌లో చూశా. జేపెగ్ ఫైల్ ఏదైనా ఎఫ్‌ఎఫ్ డీ8 అనే రెండు బైట్లతో మొదలవ్వాలి. ఇక్కడ మొదటి వరస సున్నాలు, రెండో వరస సున్నాలు, కిందికి జరుపుకుంటూ పోతే ఫైల్ చివరిదాకా సున్నాలే.

డ్రైవ్ పట్టుకుని షాపుకి పోయా. అసలు కథ ఇక్కడుంది. కౌంటర్‌లో కుర్రాడు దాన్ని తన కంప్యూటర్‌కి తగిలించి, స్క్రీన్ నావైపు తిప్పి, ‘1.81 టీబీ చూపిస్తుంది కద సార్, ఇంకేం కావాలె?’ అన్నాడు. 2 టీబీ డ్రైవ్‌ని విండోస్ 1.81 అని చూపించడం మామూలే, అదీ నిజమే. ఫైళ్లు తెరువు బాబూ అన్నా. నాలుగు తెరిచాడు, తెరుచుకోలేదు. ‘వైరస్ ఉంటది సార్’ అన్నాడు. నేను హెక్స్ గురించి చెప్పడం మొదలుపెట్టా, వాడు తలూపుతూనే మౌస్ మీద చెయ్యి వేశాడు. కుడి క్లిక్, ఫార్మాట్, క్విక్ ఫార్మాట్‌కి టిక్, స్టార్ట్. ‘ఏయ్, ఆగు!’ అనేలోపే ఓకే కూడా కొట్టేశాడు. నిండా మూడు సెకన్లు పట్టలేదు. ‘అయిపాయె సార్, ఇప్పుడు కొత్తదాని లెక్క నడుస్తది.’

ఎవరినడిగి కొట్టావురా అంటే లోపల్నుంచి ఓనర్ వచ్చాడు. ‘వారంటీ డ్రైవ్‌కే అన్నా, డేటాకి కాదు. ఫొటోలు మీకు క్లౌడ్‌ల ఉంటయ్ కద?’ ఆ మాటకి నా దగ్గర జవాబు లేదు. చిట్టీ చూపిస్తే ‘దీని మీద మా షాపు పేరేది?’ అన్నాడు. నిజమే, లేదు.

తెలివిగా ఆలోచించి చేశాడో, తెలివి లేక చేశాడో నాకిప్పటికీ అర్థం కాలేదు. ఎలా చేసినా వాడికి కలిసొచ్చింది, సున్నాల ఫైళ్ల లిస్టు, అంటే నా చేతిలో ఉన్న సాక్ష్యం, పోయింది. నేను ముందే స్క్రీన్ వీడియో తీసి పెట్టుకోవద్దా? తీయలేదు.

మీలో ఎవరికైనా ఇలా క్విక్ ఫార్మాట్ పడితే ఆ డ్రైవ్‌లో ఒక్క ఫైల్ కూడా వేయకండి. క్విక్ ఫార్మాట్ కొత్త పట్టికని మాత్రమే రాస్తుంది, కింద డేటా అలాగే ఉంటుంది. ముందు డీడీరెస్క్యూ అనే సాఫ్ట్‌వేర్‌తో మొత్తం డ్రైవ్‌ని వేరే డిస్క్ మీదికి ఇమేజ్ (అచ్చు నకలు) తీసి, ఆ ఇమేజ్ మీద, పోయిన ఫైళ్లని వెతికి తీసే ఫొటోరెక్ నడపండి. నాకు దాదాపు 59 జీబీ వెనక్కొచ్చింది, అంటే అసలు మెమరీ ఎంతో అంత (2 టీబీ 1.81 అయినట్టే, 64 జీబీ కూడా కంప్యూటర్ లెక్కలో 59 చిల్లరే). ఫైల్ పేర్లు, ఫోల్డర్లు రావు, అన్నీ ఎఫ్ అక్షరం, అంకెలతో వస్తాయి. కెమెరా ఫొటోల్లో ఎగ్జిఫ్ తేదీ (తీసినప్పుడు కెమెరా రాసే తేదీ) లోపలే ఉంటుంది, ఎగ్జిఫ్‌టూల్ అనే సాఫ్ట్‌వేర్‌తో ఏడాది వారీగా సర్దుకోవచ్చు. వాట్సాప్‌లో వచ్చిన వాటిలో ఎగ్జిఫ్ ఉండదు. వాటి తేదీ టేకౌట్ ఒక్కో ఫొటో పక్కన వివరాలు రాసిచ్చే జేసన్ ఫైల్‌లోనే ఉంటుంది, పేరు పోయాక ఏ జేసన్ ఏ ఫొటోదో ఎవరు చెప్పాలి?

ఇమేజ్ తీశాకే, డ్రైవ్‌ని నింపి తిరిగి చదివి చూసే హెచ్‌2టెస్ట్‌డబ్ల్యూ నడిపా. 59 జీబీ ఓకే, మిగతా 1.7 టీబీ ‘డేటా లాస్ట్’. తర్వాత పాత మెట్రో కార్డుతో డబ్బా అంచు లేపి చూస్తే, వేలెడంత పచ్చ బోర్డు, దాని మీద ఒక మైక్రో ఎస్‌డీ కార్డు, కదలకుండా కరిగించిన జిగురు. ఇంకో మూల బరువు కోసం అతికించిన ఇనప ముక్క. చేతిలో పట్టుకుంటే ‘అబ్బ, గట్టి సరుకు’ అనిపించింది దానివల్లే.

కొనేవాళ్లకి నాలుగు మాటలు చెప్పి ఆపేస్తా. కొత్త డ్రైవ్ ఏదైనా, ఎంత పేరున్న కంపెనీదైనా, ఖాళీగా ఉన్నప్పుడే అంచులదాకా నింపి, తిరిగి చదివించండి. విండోస్‌లో హెచ్‌2టెస్ట్‌డబ్ల్యూ, మ్యాక్‌లో, లైనక్స్‌లో ఎఫ్3రైట్, ఆ తర్వాత ఎఫ్3రీడ్. సెకనుకి 100 ఎంబీ వేగంతో 2 టీబీ రాయడానికే అయిదున్నర గంటలు, చదవడానికి ఇంకో అంత. రాత్రి పెట్టి పడుకోండి. మామూలు హార్డ్ డిస్క్ కొంటే క్రిస్టల్‌డిస్క్‌ఇన్ఫో అనే సాఫ్ట్‌వేర్‌లో పవర్ ఆన్ అవర్స్ (ఎన్ని గంటలు నడిచిందో) కూడా చూడండి, కొత్తదన్న డిస్క్ వేల గంటలు తిరిగి ఉంటే అక్కడే తిరిగిచ్చేయండి.

ఫొటోలు ఎక్కించేటప్పుడు టెరాకాపీ అనే కాపీ సాఫ్ట్‌వేర్‌లో వెరిఫై పెట్టండి, లేదా కేబుల్ పీకి, మళ్లీ పెట్టి, రెండు వైపులా ఎస్‌హెచ్‌ఏ256 (ఫైల్‌కి వేలిముద్ర లాంటి సంఖ్య) తీసి పోల్చండి. మామూలు కాపీ పేస్ట్ తిరిగి చదివి చూడదు. జిప్‌లని కనీసం రెండు వేర్వేరు డిస్కుల మీద పెట్టేదాకా క్లౌడ్ జోలికి పోకండి, ట్రాష్ జోలికి అసలు పోకండి.

ఐఫోన్ వాళ్లు ఇంకో సంగతి చూసుకోండి. ‘ఆప్టిమైజ్ స్టోరేజ్’ ఆన్‌లో ఉంటే ఫోన్‌లో చాలావరకు ఉండేవి చిన్న కాపీలు, అసలువి ఐక్లౌడ్‌లో ఉంటాయి. కేబుల్ పెట్టి షాపువాడు ‘అన్నీ తీసేసినం’ అంటే నమ్మొద్దు. ఫోన్ ఖాళీ చేసిస్తామని గ్యాలరీలో డిలీట్ కొడితే అది సింక్ అయి ఐక్లౌడ్‌లోనూ, ఐప్యాడ్‌లోనూ పోతుంది. ‘రీసెంట్లీ డిలీటెడ్’లో 30 రోజులు ఉంటాయి, ఆలోపే చూసుకోవాలి.

చిట్టీతో ఊరుకోకండి, ఆ 18 శాతం కట్టి పక్కా బిల్లు తీసుకోండి. వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915. జిల్లా వినియోగదారుల కమిషన్‌లో రెండేళ్లలోపు ఫిర్యాదు వేసుకోవచ్చు, 5 లక్షల లోపు కొనుగోలుకి ఫీజు లేదు. నాకు యూపీఐ చెల్లింపు రికార్డు ఒక్కటే ఆధారం, దాంతోనే వేస్తున్నా.

డ్రైవ్ ఇంకా నా టేబుల్ మీదే ఉంది. ఇనప ముక్క పేపర్‌వెయిట్‌గా బ్రహ్మాండంగా పనిచేస్తోంది.