స్ట్రాస్‌బర్గ్ చెక్క రైలు: ఎక్కేముందు ఒకసారి వంగి కిందకి చూడండి

అమెరికాలో మా అబ్బాయి దగ్గరికి వచ్చిన ప్రతిసారీ వాడు ఏదో ఒక జలపాతం చూపిస్తాడు. ఈసారి నేనే అడిగాను, పాత చెక్క రైలు పెట్టెలు చూపించరా అని. ముప్పై ఏళ్లు క్యారేజ్ వర్క్‌షాపులో వడ్రంగులతో పని చేయించినవాణ్ణి, నా సరదాలు ఇలాగే ఉంటాయి.

వాడు ముందు హైవే పక్కన ఒక హోటల్‌కి తీసుకెళ్లాడు. పేరెందుకు లెండి. 'పాత రైలు పెట్టెలో భోజనం' అని బోర్డు. దూరం నుంచి గోడకి సన్నసన్న పలకలు పేర్చినట్టే ఉంది. దగ్గరికెళ్లి వేలు పెట్టి చూస్తే ప్లైవుడ్ మీద గాడి తీశారు, అంతే. సూప్ మాత్రం బాగుంది.

మర్నాడు పెన్సిల్వేనియాలో లాంకాస్టర్ కౌంటీ, స్ట్రాస్‌బర్గ్ రైల్‌రోడ్. 1832 నాటి చార్టర్ (రైల్వే నడపడానికి ఇచ్చిన అనుమతి పత్రం) మీదే ఇప్పటికీ నడుస్తున్న రైల్వే ఇది. నాలుగున్నర మైళ్ల లైను, ప్యారడైజ్ అనే ఊరి దాకా వెళ్లి రావడానికి ముప్పావుగంట. ఆవిరి ఇంజను, దాని వెనక చెక్క కోచ్‌లు. దారంతా ఆమిష్ రైతుల పొలాలు, అంటే ఇప్పటికీ పాతకాలపు పద్ధతుల్లో బతికే ఒక క్రైస్తవ వర్గం వాళ్లవి. బొగ్గు ఇంజను కాబట్టి తెల్లబట్టలు వద్దు.

ఎక్కే తొందరలో అందరూ రంగు చూసి ఫోటో తీసుకుంటారు. రంగు ఎప్పుడైనా వేయొచ్చు, దాన్ని నమ్మొద్దు. ప్లాట్‌ఫాం మీద నిలబడి వంగి కిందకి చూడండి. నేను చూసిన కోచ్‌కి ఈ చివర నుంచి ఆ చివరకి ఇనుప కడ్డీలు సాగదీసి ఉన్నాయి. ట్రస్ రాడ్లంటారు. మధ్యలో మర తిప్పి బిగించే టర్న్‌బకిల్. అంత పొడుగు చెక్క దూలాలు ఏళ్లు గడిచేకొద్దీ నడుము జారతాయి కదా, అప్పుడు ఇది బిగిస్తే పెట్టె నడుము లేచి మళ్లీ తిన్నగా అవుతుంది. మంచం నవారు లాగి కట్టినట్టే. మా మనవడికి ఇలా చెబితే వాడికి నవారు మంచం ఏమిటో తెలియదు, అది వేరే కథ.

తర్వాత పైకి చూడండి. కప్పు మధ్యలో ఒక మెట్టు లేచి, దాని పక్కల చిన్న కిటికీలుంటాయి. క్లియర్‌స్టోరీ అంటారు. గాలి, వెలుతురు కోసం పెట్టారు గానీ చెక్క పెట్టెకి చావు అక్కడినుంచే మొదలవుతుంది. ఆ మెట్టు దగ్గర కప్పు చిల్లిపడితే నీళ్లు గోడ లోపలి నుంచి దిగి కిటికీల కింద అడుగు దూలంలో చేరతాయి. బయట రంగు మెరుస్తూనే ఉంటుంది, లోపల స్క్రూడ్రైవర్ పెడితే వెన్నలో దిగినట్టు దిగుతుంది. అందుకే పాత పెట్టె ఎవరికైనా దొరికితే మొదటి ఖర్చు రంగుకి కాదు, కప్పుకి. టార్పాలిన్ కప్పినా గాలి ఆడేలా కప్పాలి, లేకపోతే లోపల చెమ్మ పట్టి అదే కుళ్లబెడుతుంది.

వయసు చెప్పడం అంత తేలిక కాదు. రెండు చివరలా తెరిచి ఉన్న వరండాలు చూసి 1887కి ముందుదే అనుకుంటారు కొందరు, రైలు పెట్టెలు కట్టే పుల్‌మన్ కంపెనీ వాళ్లు మూసిన వెస్టిబ్యూల్ (పెట్టె చివర గోడలు, తలుపులతో మూసిన వరండా) తెచ్చింది ఆ ఏడే కాబట్టి. కానీ చిన్న లైన్లకి తెరిచిన వరండాల పెట్టెలు ఆ తర్వాత కూడా చాలాకాలం కట్టారు. కచ్చితంగా తేలాలంటే కిటికీ చట్రాల వెనకో, సీటు కిందో కొట్టిన నంబర్లు వెతకాలి. లేదా రంగు ఒక్కొక్క పొరా జాగ్రత్తగా గీకితే పాత అక్షరాలు బయటపడతాయి. పాత రంగులో సీసం ఉంటుంది, మాస్కు లేకుండా గీకొద్దు. పుల్‌మన్ కట్టిన పెట్టె అయితే కంపెనీ కాగితాలు షికాగోలో న్యూబెర్రీ లైబ్రరీలో ఉన్నాయి.

అన్నట్టు, మనవాళ్లు డబ్బానే బోగీ అంటారు. వర్క్‌షాపులో బోగీ అంటే కింద చక్రాలున్న చట్రం. ఇక్కడ దాన్ని ట్రక్కు అంటారు. మా అబ్బాయి 'రైలుకి ట్రక్కేంటి నాన్నా' అని నవ్వాడు.

రోడ్డు దాటితే పెన్సిల్వేనియా రైల్‌రోడ్ మ్యూజియం. దాన్ని వదలకండి. అక్కడ 1651 నంబరు కోచ్ దగ్గర నేను చాలాసేపు నిలబడ్డాను. 1906లో పెన్సిల్వేనియా రైల్‌రోడ్ అనే రైల్వే కంపెనీ పూర్తిగా ఉక్కుతో కట్టి చూసిన పెట్టె అది. న్యూయార్క్‌లోకి నది కింద సొరంగాలు తవ్వుతున్న రోజులు, చెక్క పెట్టె సొరంగంలో అంటుకుంటే ఏం కావాలి? 1910లో సొరంగాలు తెరిచాక చెక్క పెట్టెల పని దాదాపు అయిపోయినట్టే. చాలావాటి చక్రాలు తీసేసి కొట్టాలుగా, గుడిసెలుగా అమ్మేశారు.

రెండిట్లో ఏది మేలంటే నా ఓటు నడిచే రైలుకే. రోజూ నడిచే పెట్టెలో కప్పు కారితే ఆ వారమే తెలుస్తుంది. కాకపోతే నడిచినకొద్దీ పాత చెక్క మారుస్తూ పోవాలి, అసలు చెక్క ముట్టకుండా ఉండాలంటే మ్యూజియమే. అయిదుకి నాలుగున్నర ఇస్తాను. పెట్టె కిందకి దూరి చూడనివ్వరు కదా, ఆ అర అందుకు. భద్రత కోసమే, తెలుసు.

తిరిగొస్తుంటే పొలంలో పొడుగాటి చెక్క కొట్టం కనిపించింది. 'తాతా, అది రైలు పెట్టేనా?' అన్నాడు మనవడు. కారు ఆపించి చూశాం. గోడకి నిలువు పలకలు తలుపుల్లా తెరుచుకుని ఉన్నాయి, పొగాకు ఆరబెట్టే కొట్టం. 'కప్పుకి మెట్టు లేదు తాతా' అని వాడే అన్నాడు.