ఎల్బీనగర్ మెట్రో: నల్లగొండ దిక్కు నుంచి వచ్చేవారి లెక్కలో

నల్లగొండ, సూర్యాపేట, దేవరకొండల నుంచి బస్సులో వచ్చేవారికి హైదరాబాద్ మెట్రో ఎల్బీనగర్‌లోనే ఎదురవుతుంది. 2018 సెప్టెంబరులో ఇక్కడి నుంచి అమీర్‌పేటకు, 2019 మార్చిలో అమీర్‌పేట నుంచి హైటెక్ సిటీకి రైళ్లు మొదలయ్యాయి. ఈ లైను చివరనున్న మియాపూర్ వరకు ఉన్న 29 కిలోమీటర్లను మలక్‌పేట, ఖైరతాబాద్ రద్దీతో నిమిత్తం లేకుండా దాదాపు గంటలో దాటించే సాధనం మరొకటి లేదు. ఆఫీసు వేళల్లో మూడు పెట్టెలు చాలవు. అయినా సేవగా దీనికి మంచి మార్కులే వేస్తాను.

అయితే ఈ రైలు ఎవరిని ఎక్కించుకుంటోందో, స్టేషన్ల చుట్టూ ఎవరిని నిలవనిస్తోందో కూడా చూడాలి. చైతన్యపురి, దిల్‌సుఖ్‌నగర్ గల్లీల్లో రెండు గదుల్లో సంసారం వెళ్లదీసే మా జిల్లా కుటుంబాలు తగ్గుతున్నాయి. ఒక్కో గదిలో మూడు నాలుగు మంచాలు వేసి, మంచానికింత అని వసూలు చేసే హాస్టళ్లు పెరిగాయి. ఇంటి యజమానికి అదే లాభసాటి. అద్దె భరించలేనివారు హయత్‌నగర్, పెద్దఅంబర్‌పేటల వైపు, అంటే రైలుకు దూరంగా, జరుగుతున్నారు. ఈ మార్పునంతా మెట్రో ఖాతాలో వేయడం న్యాయం కాదు. ఉదాహరణకు, మన బత్తాయి రైతులు, హమాలీలు కళకళలాడించిన గడ్డిఅన్నారం పండ్ల మార్కెట్ బాటసింగారానికి తరలింది ఆసుపత్రి నిర్మాణం కోసం.

ఛార్జీ దగ్గర వేరుపాటు మరీ స్పష్టంగా తెలుస్తుంది. 2025 మేలో సవరించిన తరువాత కనీస టికెట్ 11 రూపాయలు, గరిష్ఠం 69. మరోవైపు 2023 డిసెంబరు నుంచి పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్, సిటీ ఆర్డినరీ బస్సుల్లో మహిళలకు ఛార్జీ లేదు. అందువల్ల చిట్యాల నుంచి ఉచితంగా వచ్చిన కూలి మహిళ మెట్లెక్కి రైలు కోసం డబ్బు పెట్టదు, వంతెన కిందనే సిటీ బస్సు కోసం నిలబడుతుంది. ఆమె పక్కన బస్సు దిగిన సాఫ్ట్‌వేర్ ఉద్యోగి ఎస్కలేటర్ ఎక్కుతాడు. ఒకే ఊరివారిని రెండు వరుసలుగా విడదీసే ఈ ఏర్పాటుకు విరుగుడు బస్సుకూ రైలుకూ చెల్లే ఉమ్మడి పాస్ అని నా అభిప్రాయం.

పాలమూరు (మహబూబ్‌నగర్) వారి సంగతి ఇంకా వేరు. ఆరాంఘర్ మీదుగా వచ్చే వారికి మహాత్మా గాంధీ బస్ స్టేషన్ (ఎంజీబీఎస్) చేరితే గాని మెట్రో అందదు.

హైటెక్ సిటీలో ఉద్యోగం వచ్చిన పిల్లలకు ఈ మార్గాన్ని నిస్సందేహంగా సూచిస్తాను. కుటుంబంతో స్థిరపడదలచినవారు మాత్రం స్టేషన్ పక్కన అద్దెనూ, దూరంగా ఉంటే అయ్యే ఆటో ఖర్చునూ కలిపి లెక్క వేసుకోవాలి. రెండో దశలో ప్రతిపాదించిన హయత్‌నగర్ మార్గాన్ని నమ్ముకుని అటు వెళ్లేవారు ఇప్పుడే బేరమాడడం మంచిది, ఎందుకంటే రానున్న మెట్రో పేరు చెప్పి ప్లాట్లు అమ్మేవారు అక్కడ అప్పుడే తయారుగా ఉన్నారు.